సున్నపు చుక్కల దారి

"నా మొహం చూసి మాట్లాడు!" అన్నాడు జీవరాజు.

ముసలాయన చూడలేదు. దారి పక్కన గొంతుక్కూర్చుని, ఎదుటి రాయిని అరచేత్తో నిమిరి, రేకు డబ్బాలో వేలు ముంచి, దాని మీద సున్నం చుక్క పెట్టాడు.

జీవరాజుకు ఒళ్లు మండింది. పిల్లల ముందు పంతులికి అవమానమంటే చిన్న విషయమా!

అది 1962, ఈస్టరు మరునాడు సోమవారం. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ దగ్గరుండే నాలుగు మెథడిస్టు కుటుంబాలు రెండు ఎడ్లబండ్లు కట్టుకుని మోస్రా అవతలి అడవి గుట్టకు మొదటిసారి వచ్చాయి. గుట్ట మీదికి బీడీల తునికాకు తెంపేవాళ్ల కాలిబాట ఉంది. చిన్నపిల్లలు కూడా ఎక్కగలిగిన దారి. సండే స్కూలు పంతులు జీవరాజు ముందు, పదకొండు మంది పిల్లలు వెనుక, సద్దిమూటలతో తల్లులు వాళ్ల వెనుక.

దారి పొడుగునా రాళ్ల మీద తెల్ల చుక్కలు. దారి రెండుగా చీలే చోట పెద్ద రాయికి ఒళ్లంతా సున్నం, నెత్తిన పచ్చి కొమ్మలు, పక్కనే ఆ ముసలాయన.

చూడగానే జీవరాజుకు అంతా అర్థమైపోయింది. అర్థం చేసుకోవడంలో ఆయన ఎప్పుడూ తొందరే.

"ఇదేం దేవుడు తాతా?"

"దేవుడు గాదు సారూ..." ముసలాయన చెవి అటు తిప్పాడు. "పదకొండు మందా పిల్లలు? ఒక బిడ్డ చెప్పు తెగినట్టుంది. పైలం సారూ, కుడి దిక్కు లోయుంది."

"మాట మార్చకు. చూసిండ్రా పిల్లలూ? రాయికి మొక్కుడంటే గిదే."

వెంట వచ్చిన ఇద్దరు మగవాళ్లతో కలిసి జీవరాజు ఆ రాయికి భుజం ఆనించాడు.

"దొర్లియ్యకుండ్రి సారూ! దాని మీద ఏడుగురి కొమ్మలున్నయి!" ముసలాయన చేతులు గాలిలో చాచాడు.

"దేవునికి కోపమొస్తదా?"

అందరూ నవ్వారు. రాయి కొమ్మలతో సహా లోయలోకి దొర్లింది. పిల్లలు ఆకులతో రుద్ది, దొరికిన చుక్కనల్లా చెరిపేశారు. వాళ్లకది మంచి ఆట.

పైన అన్నాలు తిన్నారు. పాటలు పాడారు. ఎండ చల్లబడ్డాక దిగారు. బండ్ల దగ్గర జీవరాజు పిల్లలను లెక్కపెట్టాడు.

పది.

మళ్లీ లెక్కపెట్టాడు. పదే.

"శారమ్మేదయ్యా?" అంది ఆయన భార్య యేసమ్మ.

చెప్పు తెగింది వాళ్ల శారమ్మకే. ఎనిమిదేళ్ల పిల్ల, కుంటుతూ వెనకబడింది. జీవరాజు పైకి పరుగెత్తాడు. చీలిక దగ్గరికొచ్చి నిలబడిపోయాడు. పిల్ల ఏ దారిన పోయిందో? రెండు దారులూ ఒక్కలాగే ఉన్నాయి. ఆ సున్నం ఎందుకో అప్పుడు తెలిసింది.

"శారమ్మా!"

"ఒర్రకుండ్రి సారూ," అన్నాడు ముసలాయన. అప్పటికే లేచి నిలబడ్డాడు. "బిడ్డ ఏడుపు ఇననియ్యుండ్రి."

కాసేపు విని, కట్టె పట్టుకుని కుడి దారిన దిగాడు.

"నేను గూడొస్త తాతా."

"వద్దు. మీ కాళ్ల సప్పుడుకు బిడ్డ ఇనవడది."

ఎంతసేపో. చివరికి కింది నుంచి మాటలు వినిపించాయి.

"ముందల ఏముంది బిడ్డా?"

"పెద్ద చెట్టు తాతా."

"దాని పక్కకు?"

"మెట్టు లెక్క ఉంది."

పిల్ల భయం పోగొట్టడానికి ఆటాడిస్తున్నాడనుకున్నాడు జీవరాజు. పిల్ల ముసలాయన వేలు పట్టుకుని పైకొచ్చింది. తండ్రి ఎత్తుకుని ముద్దులు పెట్టుకున్నాడు. కిందికి తీసుకుపోగానే తల్లి గుంజుకుంది. అందరూ మోకరించి స్తోత్రం చేశారు. దేవుడికి చెప్పాల్సిందంతా చెప్పారు. ముసలాయనకు చెప్పడం ఒక్కటే మరిచారు.

బండ్లు కదిలాయి.

ఆ వారమంతా జీవరాజుకు అన్నం సహించలేదు. ఆదివారం ఆరాధన కాగానే కొత్త ధోవతి, పెద్ద సున్నం పొట్లం సైకిలుకు కట్టుకుని వచ్చాడు. ముందు ముసలాయన కాళ్లు పట్టుకోవాలి. తర్వాత ప్రతి రాయికీ తన చేత్తోనే సున్నం పెట్టాలి.

గుట్ట కింద ఒక ముసలామె తునికాకు కట్టలు కడుతోంది. పేరు పెంటవ్వ.

"అవ్వా, రాళ్లకు సున్నం పెట్టే తాత ఏడున్నడు?"

"లింబయ్యనా? మొన్న సోమారమే పాయె."

"యాడికి?"

"సచ్చిపోయిండు సారూ. లోయల పడి."

"ఎట్ల పడ్డడవ్వా?" అన్నాడు జీవరాజు సైకిలు పట్టుకుని.

"చీలిక కాడ పెద్ద రాయుంటుండె," అంది పెంటవ్వ. "ఆకుకు పోయెటోల్లం పొద్దుగాల తలా ఒక కొమ్మ దాని మీద పెడుతుంటిమి. దిగినంక ఎవల కొమ్మ వాల్లం తీస్తుంటిమి. కొమ్మ మిగిలిందంటే మనిషి ఇంక గుట్టల్నే ఉన్నట్టు. లింబయ్య ఎతికెటందుకు పోయెటోడు. ఆనాడు ఎవలో రాయిని దొర్లిచ్చిండ్రు. ఎవలు దిగిండ్రో ఎవలు దిగలేదో తెల్వక, పొద్దు గూకక ముందే గా రాయి కోసం తడుముకుంట లోయలకు పోయిండు. చుక్కలు కనవడక తొవ్వ దప్పి, మేం ఏడుగురం అప్పటికే అవతలి దిక్కుకెల్లి దిగినం సారూ."

జీవరాజుకు ఏడుపు ఆగలేదు. సైకిలు చేజారి, పొట్లం పగిలి సున్నం నేల మీద పడింది.

"ఇంక వెలుగుండంగనే తడుముకునుడేందవ్వా? గన్ని చుక్కలు పెట్టిన మనిషికి తొవ్వ కనవడలేదా?"

పెంటవ్వ ఆకు కట్ట పక్కన పెట్టింది.

"రెండు కండ్లు పోయినంకనే సారూ, ఆయన తొవ్వకు సున్నం పెట్టుడు షురూ జేసిండు."