చాప మీద రెండు దెబ్బలు

కోర్టు వరండాలో బల్ల మీద ఉడుం మాస్టారు తల వంచుకుని కూర్చున్నాడు.

పోలీసు శిక్షణ మైదానంలో ఆయన పట్టు నేర్పుతాడు. తిరగబడ్డ మనిషిని బోర్లా పడేసి, ఒక చెయ్యి వెనక్కి విరిచి, మెడ మీద ముంజేయి ఆన్చి కదలనివ్వకుండా చేసే పట్టు. ఉడుం అన్న పేరు శిష్యులు పెట్టిందే. ఎదురుగా పిలిచే ధైర్యం మాత్రం ఒక్కడికీ లేదు. అలాంటి మనిషి ఇవాళ ఎదుటి బల్ల వైపు కన్నెత్తి చూడలేకపోతున్నాడు.

ఆ బల్ల మీద, అలాంటి పట్టులో ఊపిరాడక చనిపోయిన కుర్రాడి తల్లి కూర్చుని ఉంది. కేసు పెట్టింది ఆవిడే. పట్టుకున్న కానిస్టేబుల్ ఒక్కడి మీదే కాదు, పట్టు నేర్పినవాడి మీద కూడా.

"అటు చూడకండి మాస్టారూ," అన్నాడు వకీలు. "చూశారంటే అంతా ఒప్పేసుకుంటారు. మీ సంగతి నాకు తెలుసు."

"చూడట్లేదయ్యా."

"పరిహారం ఇస్తామంటే వద్దందట. అసలేం జరిగిందో మీ నోటితో వినాలట. వినిపిద్దాం. మనిషి కదలడం మానగానే వదిలెయ్యమని నేర్పాను, వాడు మర్చిపోయాడు. ఈ ఒక్క ముక్క చెప్పండి చాలు."

"నేనలా నేర్పలేదే."

"నేర్పలేదని ఎవరు చూశారు?"

"బ్యాచ్‌లకి బ్యాచ్‌లు చూశాయి."

"వాళ్లంతా ఉద్యోగాల్లో ఉన్నారు. ఒక్కడికీ గుర్తుండదు లెండి." తన మాటకి తనే నవ్వుకుని వకీలు గొంతు తగ్గించాడు. "వేరేలా చెప్పారో, ఉద్యోగం పోతుంది. ఆ తర్వాత జైలు. అక్కడ సగం మంది మీ శిష్యులు పట్టుకొచ్చినవాళ్లే. మీకు బాగా మర్యాదలు చేస్తారు."

ఆ సంఘటన జరిగినప్పటి నుంచి ఆయన ఇంటి మొహం చూడలేదు. మైదానం పక్కనున్న సామాన్ల గదిలో, చుట్టి పెట్టిన చాపల మధ్య పడుకుంటున్నాడు. కన్ను మూస్తే చాలు, ఎవరో చాప మీద అరచేత్తో కొడుతున్నట్టు వినిపిస్తుంది. ఉలిక్కిపడి లేస్తాడు.

వరండా చివర నుంచి కానిస్టేబుల్‌ని తీసుకొచ్చారు. మాస్టారి శిష్యుల్లోకెల్లా చురుకైనవాడు. చిక్కి సగమయ్యాడు. మాస్టారి ముందుకి రాగానే కాళ్లు ఆగిపోయాయి.

"నాకు తెలియలేదు సార్," అన్నాడు. "వాన పడుతోంది. తలకీ మొహానికీ గుడ్డ చుట్టుకుని పరిగెడుతున్నాడు. దొంగ అటే వెళ్లాడన్నారు. నిజంగా తెలియలేదు సార్."

మాస్టారు అతని చేతుల వైపు చూశాడు.

"అతను కొట్టలేదు సార్. కొడతాడని ఎదురుచూస్తూనే ఉన్నాను."

"నడవవయ్యా," అన్నాడు బంట్రోతు. "గురుశిష్యుల కబుర్లు లోపల చెప్పుకుందురుగాని."

బోనులో నిలబడ్డాక మాస్టారు చెక్క కమ్మీని గట్టిగా పట్టుకున్నాడు.

"పట్టు ఎప్పుడు వదలమని నేర్పారు?" జడ్జిగారు అడిగారు.

వకీలు కళ్లతోనే తొందరపెట్టాడు. చెప్పాల్సిన ముక్క నాలుక చివరిదాకా వచ్చింది. అప్పుడే కానిస్టేబుల్ కనబడ్డాడు. తల నిటారుగా పెట్టి, మాస్టారు ఏం చెబితే అదే నిజమన్నట్టు నిలబడి ఉన్నాడు. మైదానంలోనూ అలాగే నిలబడేవాడు.

"కొట్టినప్పుడండీ," అన్నాడు మాస్టారు.

"ఎవరు, ఎవరిని?"

"కిందివాడు, చాపని. మా దగ్గర జంటలుగా సాధన చేయిస్తాం. ఊపిరాడకపోతే కిందివాడు అరచేత్తో చాప మీద రెండుసార్లు కొడతాడు. ఆ చప్పుడు వింటే పైవాడు వదలాలి. వినకుండా వదిలినవాడిని మైదానం చుట్టూ పరిగెత్తించేవాణ్ణి."

"వీధిలో చాప ఎక్కడిదండీ?"

"లేదండీ."

"కొట్టాలని ఆ కుర్రాడికి ఎలా తెలుస్తుంది?"

"తెలియదండీ. బయట ఎవరికీ నేను చెప్పలేదు. చేతులకి బేడీలు కూడా వేసేశారు. తెలిసినా కొట్టలేడు." మాస్టారు కానిస్టేబుల్ వైపు చెయ్యి చూపించాడు. "ఈ అబ్బాయి ఏదీ మర్చిపోలేదండీ. నేర్పింది నేర్పినట్టు చేశాడు. కొట్టకపోతే ఏం చెయ్యాలో నేనే నేర్పలేదు."

వకీలు కాగితాలు సంచిలో కుక్కేసుకున్నాడు.

జడ్జిగారు చాలాసేపు రాసుకున్నారు. నేర్పినవాడి మీదా విచారణ నడవాలన్నారు. వచ్చే వాయిదా దాకా మాస్టారిని సొంత పూచీ మీద వదిలారు.

ఆయన వరండాలోకి వచ్చాడు. బల్లలన్నీ ఖాళీ అయిపోయాయి. లోపల అంతా విని వచ్చిన ఆ తల్లి ఒక్కతే లేచి ఆయన వైపు నడిచి వస్తోంది.

మాస్టారి పైప్రాణాలు పైనే పోయాయి. పొద్దుటి నుంచీ జైలంటే పడ్డ భయం దీని ముందు ఏపాటిది. గోడకి ఆనుకుని నిలబడ్డాడు. చెయ్యెత్తితే తప్పుకోకూడదనుకుని కళ్లు మూసుకున్నాడు.

దెబ్బ పడలేదు. ఆవిడ ఊపిరి మాత్రం దగ్గరగా వినబడింది.

"పదండి ఇంటికి," అందావిడ, "మనబ్బాయి గది తలుపు నేనొక్కదాన్నే తీయలేకపోతున్నాను."