ప్రూయిట్ పేరు మీద కేసు

టిల్‌ఫర్డ్ కౌంటీ కోర్టులో రికార్డుల కిటికీ ఎనిమిదిన్నరకు తెరుస్తారు. వెర్నా ప్రూయిట్ ఎనిమిదింటికే వచ్చి నిలబడింది. ఆమెది బడి వంటగదిలో ఉద్యోగం. మోకాలి లోతు మంచు పడ్డా పని మానని మనిషి, ఆ రోజు సెలవు పెట్టింది.

"తాగి బండి నడిపిన కేసులు ఇక్కడే చూస్తారా మేడం?"

"ఇక్కడే. ఈ ఊళ్లో చూడదగ్గవి అవే," అంది గుమాస్తా ట్రూడీ, కాఫీ కప్పు పక్కన పెడుతూ. ఆ కుర్చీలో ఆమె కూర్చోబట్టి ఇరవై ఆరేళ్లు. సగం కౌంటీ పరువు ఆమె కంప్యూటర్లో ఉంది. "పేరు చెప్పండి. ఎవరి కేసైనా ఎవరైనా చూడొచ్చు. మొహమాటం అక్కర్లేదు."

"గార్లండ్ ప్రూయిట్. మా ఆయన."

ట్రూడీ కళ్లజోడు మీంచి చూసింది. "విడాకుల కోసమా?"

"మీ కంప్యూటర్ ఏం చెబుతుందో చూసి అనుకుంటాను."

వెనక నిలబడ్డ ముసలాయన కిసుక్కున నవ్వాడు. ఆయన పేరు ఆర్లో. తన మూడో కేసు కాగితాల మీద సంతకం పెట్టడానికి వచ్చాడు.

"దొరికిపోతాడులే తల్లీ. ఈ కిటికీ దగ్గర దొరకని మగాణ్ణి నేనింతవరకూ చూళ్లేదు."

ట్రూడీ టకటకా కొట్టింది. "ఏమీ లేదమ్మా."

వెర్నా మొహం పాలిపోయింది. "సరిగ్గా చూడండి. ప్రూయిట్‌కి చివర రెండు టీలు."

"రెండు టీలే కొట్టాను."

"ఒక్క టీతో చూడండి."

"ఒక టీ, రెండు టీలు... ఇది కోర్టమ్మా, హోటల్ కాదు," అంటూనే చూసింది ట్రూడీ. ఒక్క టీతో ఒకాయన దొరికాడు గానీ, ఆయన పోయి పదకొండేళ్లయింది. పుట్టినతేదీతో వెతికింది. బండి నంబరుతో వెతికింది. లేదు.

"లాయర్ని పెట్టి రికార్డు తుడిపించేసుకున్నాడేమో?"

"తాగి నడిపి శిక్షపడ్డ కేసు ఒహాయోలో తుడవరు. మనిషి పోయినా అది పోదు."

"పోనీ, అజాగ్రత్తగా నడిపాడని చిన్న కేసుగా మార్పించుకునుంటే?"

"అప్పుడు ఆ చిన్న కేసైనా కనబడాలిగా? అదీ లేదు."

వెర్నా కిటికీ చట్రాన్ని గట్టిగా పట్టుకుంది. "రెండోసారి దొరికినవాడికి ఏం శిక్ష వేస్తారు మేడం?"

ట్రూడీ నోరు తెరిచేలోగా ఆర్లో అందుకున్నాడు. ఆ విషయంలో ఆయనది సొంత అనుభవం.

"జైలు తక్కువలో తక్కువ పది రోజులు. జడ్జికి ఆ పూట తిండి అరక్కపోతే ఆరు నెలలు. లైసెన్సు కనీసం ఏడాది పోతుంది. బండి మూడు నెలలు కట్టిపడేస్తారు. మధ్యలో పనికెళ్లడానికి నడుపుకోనిచ్చినా గొట్టంలోకి ఊదితే గాని అది కదలదు. ఊదీ ఊదీ నాకు బాకా వాయించడం వచ్చేసింది! ఇవన్నీ ఒక ఎత్తు, ఆ పసుపు నంబరు ప్లేటొక ఎత్తు. దాని మీద ఎర్ర అంకెలు, తాగుబోతు బండని ఆమడ దూరం నుంచే తెలియడానికి. చర్చికెళ్లినా పాస్టరుగారు నా బండి పక్కన బండి పెట్టడు."

"ఆ ప్లేటు అందరికీ తగిలిస్తారా? ఎవరినీ వదలరా?"

"మా జడ్జిగారి సొంత బావమరిదినే వదల్లేదు," అంది ట్రూడీ.

వెర్నా తలతిప్పి, బయట నిలిపిన తమ ట్రక్కు తెల్ల ప్లేటు వంక చూసింది. పసుపు ప్లేటుతో ఊళ్లో ఎలా తిరగాలా అని బెంగ కాబోలు అనుకుంది ట్రూడీ.

"జైల్లో ఉన్నవాళ్లను చూడ్డానికి ఎవర్నీ రానివ్వరట కదా?"

"ఎవరు చెప్పారు?" అన్నాడు ఆర్లో. "ప్రతి ఆదివారం ఎవరైనా వెళ్లొచ్చు. మా ఆవిడ వచ్చి గంటసేపు తిట్టిపోయేది. ఒక్క వారం కూడా మానలేదు మహాతల్లి."

"లోపల... ఎండ తగులుతుందా?"

"చలికాలంలోనా? ఈ కౌంటీలో బయట తిరిగేవాళ్లకే తగలదు."

వెర్నా రుమాలు తీసి మొహానికి అడ్డం పెట్టుకుంది. ట్రూడీకి జాలేసింది. మొగుడి మీద ప్రాణం పెట్టుకున్న ఆడవాళ్లు అలా ఏడవడం ఆమె చాలాసార్లు చూసింది. అందుకే ఎవరికీ చేయని సాయం చేసింది. లేచి లోపలికెళ్లి పాత రిజిస్టర్లు తిరగేసింది. చుట్టుపక్కల నాలుగు కౌంటీల్లోనూ వాకబు చేసింది. జైలుకు ఫోన్ చేసి ఖైదీల పట్టీ మొత్తం చదివించుకుంది. పావుగంట తర్వాత ఒక కాగితం పట్టుకుని వచ్చింది.

"మొత్తానికి ఒకటి దొరికింది."

"దొరికిందా?" వెర్నా గుండె మీద చెయ్యి వేసుకుంది. "దేవుడా! దొరికిందా?"

"తొమ్మిదేళ్ల కిందట లైసెన్సు లేకుండా చేపలు పట్టాడు."

"అంతేనా?"

"అంతే!" ట్రూడీ కాగితాన్ని కిటికీలోంచి అవతలికి తోసింది. "మీ ఆయన కడిగిన ముత్యం. మా జైలు గడప తొక్కిన పాపాన పోలేదు. వెళ్లండి, వెళ్లి ఆయనకు ఇష్టమైంది ఏదైనా వండిపెట్టండి."

ఆర్లో టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. "ఇలాంటివాడు కూడా ఉన్నాడన్నమాట మన కౌంటీలో!"

వెర్నా కళ్లు తుడుచుకుంది. వేలికున్న పెళ్లి ఉంగరాన్ని అటూ ఇటూ తిప్పి లాగింది. సంచిలో పడేసుకుంది.

"విడాకుల కాగితాలు ఏ కిటికీలో ఇస్తారు మేడం?"

"ఇదేం చోద్యమమ్మా! ఇంత మంచి మనిషికి విడాకులా?"

"మరి రెండోసారి తాగి దొరికిపోయానని, కనబడని నలభై రోజులూ మీ జైల్లోనే ఉన్నానని చెప్పి మొన్న శనివారం ఒళ్లంతా ఎండకు నల్లబడి ఇంటికొచ్చాడే, ఆ మంచి మనిషి ఎక్కణ్ణుంచి వచ్చినట్టు?"