అడుగున్నర తక్కువ

"టేబుల్ ఆరడుగులు. దాని మీద పరిచే నీ రన్నర్ గుడ్డ నాలుగున్నర. కొలవడం రాదా, కొలిచే కుట్టావా?" టేపు ఊపుతూ అడిగింది పెద్దకోడలు.

"కొలిచే కుట్టానక్కా." చిన్నకోడలు మిషన్ ఆపలేదు.

"అంటే వేరే టేబుల్ చూసుకున్నారన్నమాట! వేరుపడే సంగతి సెలవులకి అందరూ వచ్చాక చెబుదామనా?"

"అయ్యో, అదేం లేదు!"

"నా చెవిలో పువ్వులు పెట్టకు. వారం నుంచీ తలుపేసుకుని కుడుతున్నావు."

చిన్నకోడలు దారం తెంపింది. లోపల దూది పెట్టి కుట్టిన రన్నర్‌ని టేబుల్ మీద పరిచింది. కిటికీ వైపు అడుగున్నర చెక్క ఖాళీగా మిగిలింది. అది మామగారు కూర్చునే చోటు.

"పోయిన సెలవుల్లో మామయ్య చెయ్యి వణికి, టేబుల్ మీది గుడ్డ లాగేస్తే, కూరగిన్నె పిల్లల ఒళ్లో పడింది కదా. అప్పట్నుంచీ గదిలోనే తింటున్నారు. చేతికి గుడ్డ తగలకపోతే వస్తానన్నారు. ఎవరికీ చెప్పొద్దన్నారక్కా, సిగ్గుపడుతున్నారు."

పెద్దకోడలు టేపు చుట్టేసింది. ఏడాదిగా రోజూ ఆ గదిలోకి తానే మోసుకెళ్తున్న పళ్లెం, ఇవాళా వడ్డించి సిద్ధంగా ఉంది. తెచ్చి ఖాళీ చెక్క మీద పెట్టింది.

"మామయ్యా," గది వైపు తిరిగి పిలిచింది, "భోజనానికి రండి."