పాత మట్టి

సలహాల బాబు చేతికి ఇంటి తాళం ఇవ్వడమే వెల్డర్ చేసిన పొరపాటు. ఆ పేరు పెట్టింది వెల్డర్ భార్యే, సొంత తమ్ముడికి. ఎవరికి తుమ్మొచ్చినా, ఎవరి గోడ బీటలిచ్చినా వాడి దగ్గర ఓ సలహా సిద్ధంగా ఉంటుందని నవ్వేది. ఆమె పోయాక ఆ సలహాలన్నీ వెల్డర్ నెత్తిన పడ్డాయి.

సాయంత్రం షాపు నుంచి వచ్చేసరికి బాల్కనీ కడిగి ఉంది. కొత్త కుండీలో రబ్బరు మొక్క నిటారుగా నిలబడింది. పాత కుండీ ఓ మూల బోర్లించి ఉంది.

"ఎలా ఉంది బావా?" బాబుకి మోచేతుల దాకా మట్టి. "అప్పుడప్పుడూ ఇలా కుండీలు మారిస్తే మనసు కుదుటపడుతుందట. మొక్కల పెంపకం క్లాసులో చెప్పారు. వేళ్ళు చూడాల్సింది, చుట్టలు చుట్టుకుపోయి ఊపిరాడక చస్తున్నాయి పాపం."

"మట్టేదిరా?"

"అంతా కొత్తదే. కొబ్బరి పొట్టూ, ఎర్రమట్టీ..."

"పాతదేదీ?"

"అదా? దాన్లో ఏం సారముంది! నీళ్ళ ఉప్పంతా పేరుకుని తెల్లగా పలుకులు కట్టింది. వేళ్ళు కడిగి మరీ వదిలించాను. వాచ్‌మన్ అడిగితే ఇచ్చేశా."

వెల్డర్ చెప్పులైనా వేసుకోకుండా మెట్లు దిగాడు.

గేటు ముందు గుంట పూడ్చేసి, వాచ్‌మన్ దిమ్మిసతో కొడుతున్నాడు.

"ఆపు! మా కుండీ మట్టి నాకిచ్చెయ్."

"ఇంకెక్కడిది సార్? ఇటుక ముక్కలూ, కంకరా అన్నీ కలిపి దట్టించేశాను. మీదేదో, మిగతాదేదో ఇప్పుడు ఎవడు చెప్తాడు?"

వెల్డర్ మోకాళ్ళ మీద కూలబడి చేతులతోనే తవ్వడం మొదలుపెట్టాడు. కంకర గుచ్చుకుని గోళ్ళ సందుల్లోంచి రక్తం వచ్చింది.

"ఏంటి బావా ఇది?" బాబు ఆయాసపడుతూ వచ్చాడు. "బంగారం గానీ దాచావా?"

వాచ్‌మన్ దిమ్మిస పక్కన పెట్టి ఆసక్తిగా గుంటలోకి వంగాడు.

వెల్డర్ తవ్వుతూనే ఉన్నాడు. బాబు పక్కనే చతికిలబడ్డాడు.

"అక్క కలిపిన మట్టి అనా?"

వెల్డర్ తల ఊపాడు.

"నా బుర్రకి తట్టలేదు బావా. తిట్టు, పడతాను." మోచేతుల మట్టి దులుపుకుంటూ అన్నాడు బాబు, "అక్క పోయిన రోజు నా కంట్లోంచి ఒక్క చుక్క రాలేదు. కుర్చీలు ఎక్కడెయ్యాలో, కారు ఎక్కడాపాలో చెప్తూ తిరిగాను. రాయిలాంటోడని అందరూ అనుకున్నారు, నేనూ అనుకున్నాను. ఇవాళ ఆ వేళ్ళు కడుగుతుంటే ఎందుకో బోరుమన్నాను బావా. మీ బాత్రూంలోనే. ఈ రాత్రికి నిద్ర పడుతుందేమో."

వెల్డర్ తవ్వడం ఆపాడు. లేచి, చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు.

"మంచి పనే చేశావురా. ఇంటికెళ్ళు."

వాచ్‌మన్ తవ్విందంతా మళ్ళీ పూడ్చి, నాలుగు దెబ్బలు కొట్టి గేటు తెరిచాడు. బాబు స్కూటర్ దాని మీదుగా సాఫీగా దాటింది. వాడు వెనక్కి తిరిగి చెయ్యి ఊపాడు.

"చూశావా బావా, కుదుపే లేదు!"

ఆ చక్రాల కింద ఉన్నది వాడి అక్క చితాభస్మం.