కుదురులేని మనిషి

తూకం ముల్లు ఈ వారం కూడా కదల్లేదు.

"మళ్ళీ అంతేనా?" నర్సు పళ్ళు కొరికింది.

"అంతే సిస్టర్," అన్నాడతను, ఆ తూకం మీదే మడమలు ఆడిస్తూ.

ఆ వార్డులో ఉన్నవాళ్ళకు ఏ జబ్బూ లేదు. మనిషికి ఒళ్ళెందుకు వస్తుందో కనిపెట్టాలని డాక్టరుగారు వాళ్ళకు కావలసినదానికంటే ఎక్కువ తిండి పెట్టిస్తున్నారు. అందరికీ బుగ్గలు ఉబ్బాయి. ఈ మహానుభావుడికి తప్ప.

ఇతనికి కూర్చోవడమే చేతకాదు. నములుతూ తిరుగుతాడు. ఊరికే కిటికీ తెరలు సర్దుతాడు. పడుకున్నా పాదం ఊపుతాడు. కాలుగాలిన పిల్లి నయం!

"ఆ కాలు ఆపవయ్యా! చూస్తుంటే నాకు కళ్ళు తిరుగుతున్నాయి."

"మా అక్కా ఇలాగే తిడుతుంది సిస్టర్. నేను ఆపుదామన్నా అది ఆగదు... మీ అమ్మాయికెలా ఉంది?"

"నీకెందుకు?"

ఎలా ఉంటుంది పాపం! బడికెళ్ళే పిల్ల. పిట్టంత తిన్నా ఒళ్ళు చేస్తోంది. నాలుగడుగులేస్తే ఆయాసం. ఆ బరువు గుండె ఎన్నాళ్ళు మోస్తుందో చెప్పలేమన్నారు. "తల్లే మేపుతోంది" అంటుంది లోకం, దాని నోటికి మూతేదీ? ఈ పరిశోధనలో ఏ చిన్న దారి దొరికినా ముందు నీ కూతురికే అని డాక్టరుగారు మాటిచ్చారు. నర్సు ప్రాణాలన్నీ ఆ మాట మీదే ఉన్నాయి.

అలాంటిది, చెత్తబుట్టలో పొట్లం కట్టి పారేసిన తిండి కనిపిస్తే ఊరుకుంటుందా?

"నీ పనే కదూ?"

"నేను కాదు సిస్టర్. పళ్ళెం ఊడ్చుకుని మరీ తిన్నాను."

"తింటే ఒంటికి పట్టొద్దూ? ఎక్కడికి పోయింది, గాల్లోకా?"

"నాకు మాత్రం ఏం తెలుసు సిస్టర్?"

డాక్టరుగారు దేశంలో లేరు. ఆయన వచ్చేదాకా ఆగే ఓపిక ఆమెకు లేదు. అతని నడుముకు కట్టిన, కదలికలు కొలిచే పట్టీ విప్పించి, అక్కను పిలిపించింది.

"నీ తమ్ముడి బుర్రలో ఏదో తేడా ఉందమ్మా. పిచ్చి డాక్టరుకు చూపించి, కుదురుగా కూర్చునే మందేదైనా ఇప్పించు."

కోపంలో అన్న మాటే. కానీ ఆసుపత్రి మనిషి అంటే అది వేదవాక్కు కాదూ!

చలికాలం వెళ్ళిపోయాక డాక్టరుగారు తిరిగొచ్చారు. పట్టీ చెప్పిన లెక్కలు చూసి, లేచి నిలబడ్డారు.

"ఈ మనిషేడీ?"

"తిండి పారేస్తున్నాడని పంపించేశాను సార్."

"పారేసింది పక్క మంచం ఆయనమ్మా! ఇందాకే నాతో ఒప్పుకున్నాడు. ఇతను తిన్నదంతా అటూ ఇటూ మెసలడంలోనే కరిగించేశాడు. తిండి పెరిగినకొద్దీ కదలమని ఇతని మెదడు ఒంటికి కబురు పంపుతోంది. మీ అమ్మాయికి అందనిది ఆ కబురే. మనం వెతుకుతున్నది ఇతనికోసమే. వెంటనే తీసుకురా!"

నర్సు పడుతూ లేస్తూ వెళ్ళింది.

అక్క తలుపు తీసింది. లోపల కుర్చీలో ఎవరో లావుపాటి మనిషి గోడకేసి చూస్తున్నాడు. నర్సు ముందు పోల్చుకోలేదు.

"మీరు చెప్పినట్టే చూపించామమ్మా. మందు పడగానే కుదురొచ్చింది. పోనుపోను మాటా పోయింది. భయపడి మానిపించాం. అయినా ఇంతే, ఉలుకూ లేదు పలుకూ లేదు."

నర్సు కుర్చీ ముందు కూలబడింది. అతని పాదం పట్టుకుని ఊపింది. వదలగానే అది ఆగిపోయింది. ఆమెకు ఏడుపు ఆగలేదు.

అక్క ఆమె భుజం మీద చెయ్యి వేసింది.

"మీ ఆసుపత్రిలో ఉంటానని ఒప్పుకున్న గడువు అప్పటికే అయిపోయింది, ఇంటికి రారా అంటే విన్నాడు కాదు. 'ఇక్కడో సిస్టరమ్మ కూతురు ఊపిరాడక అవస్థపడుతోందక్కా, ఆ పిల్లకో దారి దొరికేదాకా ఉంటాను' అన్నాడు. ఆ సిస్టరమ్మ ఎవరో మీకు తెలుసామ్మా?"