తాత దుకాణం బిళ్ళ

ఎల్లయ్య పిడికిలి తెరుచుకోవడం లేదు.

నాగేశ్వర్ అతని ఛాతీ మీద మోకాలు అదిమిపెట్టి, ఆ వేళ్లను ఒక్కొక్కటే వెనక్కి విరుస్తున్నాడు. తన కనుబొమ్మ చిట్లి నెత్తురు కంట్లోకి కారుతోంది. కాసేపటి క్రితం, పెట్టె తెరిచి కూర్చున్న నాగేశ్వర్ మెడను వెనకనుంచి వచ్చి పట్టుకున్నాడు ఎల్లయ్య. తల గోడకేసి కొట్టాడు. పెట్టె బోర్లాపడి బిళ్ళ దొర్లిపోతే ముందుగా అతనే అందుకున్నాడు.

పట్టపగలు. ఇంట్లో ఇంకెవరూ లేరు. భానూర్ ఫ్యాక్టరీలో వెల్డింగ్ పనిచేసి మానేసిన ఎల్లయ్యకు అరవై దాటినా చేతులు ఇనుమే.

రెండో ప్రపంచయుద్ధం నాడు చిల్లర దొరక్క, కొందరు షావుకార్లు తమ పేరు కొట్టించిన ఇత్తడి బిళ్ళలనే పైసలకు బదులు ఇచ్చారు. సంగారెడ్డి బజారులో బట్టల దుకాణం నడిపే నాగేశ్వర్ అలాంటివి ఇరవై ఏళ్లుగా కూడబెడుతున్నాడు. తన తాత దుకాణం పేరున్నది మాత్రం, ఎంత వెదికినా, ఒక్కటే తేలింది. అతని ప్రాణమంతా దానిమీదే.

"అది మా తాత పేరున్న బిళ్ళ. ఇడువ్‌రా."

"మీ తాత మా తాతకు కూలి కింద ఇచ్చిండు, సేటు. దీనికి పైసలియ్యమంటే కొట్టి ఎల్లగొట్టిండు." ఎల్లయ్య రొప్పుతున్నాడు. "పానం పోయినా ఇడువ."

చూపుడువేలు చిటుక్కుమంది. ఎల్లయ్య మెడ ఎత్తి నాగేశ్వర్ మణికట్టు కొరికాడు. కండ ఊడొచ్చింది.

మూలనున్న రోకలి నాగేశ్వర్ చేతికి దొరికింది. కొట్టాడు. పిడికిలి వదల్లేదు. మళ్ళీ కొట్టాడు. తలమీద మూడో దెబ్బకు చప్పుడు మారింది. వేళ్లు వాటంతటవే విచ్చుకున్నాయి.

బిళ్ళను చొక్కాకు తుడిచాడు. నెత్తురు కింద తాత పేరు, అక్షరం చెదరకుండా ఉంది. నాగేశ్వర్‌కు ఏడుపొచ్చింది. ఇరవై ఏళ్ల తర్వాత గుండె కుదుటపడ్డట్టయింది.

అప్పుడే తలుపు తీసుకుని ముత్యమ్మ వచ్చింది. చేతిలోని పాల ప్యాకెట్టు జారిపోయింది. ఆమె నాగేశ్వర్‌ను చూసింది. రోకలిని చూసింది. కింద పడి ఉన్నవాణ్ని చూసింది.

ముత్యమ్మ కూలబడి, మొగుడి తలను ఒళ్లోకి తీసుకుని, మెల్లగా అడిగింది: "మా ఇంట్లకు ఎందుకొచ్చినవ్, సేటు?"