హద్దురాయి

పొరుగున ఉన్న గుడ్డి అవ్వ అజూబా పొలంలోకి హద్దురాయిని పది అడుగులు దొర్లించి, ఎలాసా నడుం నిటారు చేశాడు.

“హద్దు జరిపినవాడికి శాపం అని ప్రార్థనలో చదివినప్పుడు ఊరితోపాటు నువ్వూ ఆమేన్ అన్నావు. దేవుడు చూడడూ?” అంది భార్య మయకా.

“ఈ పొగమంచులో నాకు నువ్వే కనబడడం లేదు. పైనున్నాయనకి మనమేం కనబడతాం!”

అంతలో కర్ర చప్పుడైంది. రోజూ గడప నుంచి అడుగులు లెక్కపెట్టుకుంటూ వచ్చి, ఆ రాయి మీద కూర్చుని ప్రార్థించడం అజూబా అలవాటు. ఇవాళ లెక్క పూర్తికాకముందే కర్ర రాయికి తగిలింది.

“ఎవరక్కడ?”

“నేనే అవ్వా, ఎలాసాని.”

“కాళ్ళు లాగేస్తున్నాయని నిన్ననే మొరపెట్టుకున్నాను నాయనా. దేవుడు చూసినట్టున్నాడు, రాయిని ఇంటికి దగ్గర చేశాడు. ఏదీ, చెయ్యివ్వు, కూర్చుంటాను.”

ఎలాసా చెయ్యిచ్చాడు. ఆమె కూర్చున్నాక కూడా దాన్ని వదల్లేదు.

“చేతినిండా ఈ మట్టేమిటి నాయనా?”